తనంతట తాను ఊడిపోయే ముక్క

ల్యాబ్ నుంచి,
చలికాలం మొదట్లో

వదినా,

ఈ పార్సెల్ విప్పగానే విత్తనాలకి అంటుకున్న నల్లపొడి చూసి, బూజు పట్టిందనుకుని కడిగెయ్యకు. నీ సంగతి నాకు తెలుసు, ఏ వస్తువు ఇంట్లోకొచ్చినా ముందు కుళాయి కింద పెడతావు. ఆ పొడిలోనే నా ఇన్నేళ్ళ కష్టం ఉంది.

అది మసి కాదు, మందు అంతకన్నా కాదు. బొగ్గుపొడిలో కలిపిన బ్యాక్టీరియా, మట్టిలో బతికే జాతి. బఠాణీ మొలకెత్తగానే దాని వేళ్ళలోకి దూరి చిన్న చిన్న బుడిపెలు కడుతుంది. అందులో కాపురం పెట్టి, గాలిలో ఉన్న నత్రజనిని పట్టి మొక్కకి తిండిగా ఇస్తుంది. ఇక యూరియాతో పని లేదు. మా ల్యాబు గదుల్లో దీన్ని మించినది ఇంతవరకు రాలేదు. అయితే మా డైరెక్టరుగారు, గదిలో పెరిగింది సరే, ఎవరి మట్టిలోనైనా పెంచి చూపించమన్నారు. మట్టి అనగానే నాకు నువ్వే గుర్తొచ్చావు.

దాచకుండా చెబుతున్నాను. నీ మడుల్లో ఇది బాగా వస్తే కమిటీ ఒప్పుకుంటుంది, రైతులకి పాకెట్లు వెళతాయి, నా ఉద్యోగం పర్మనెంటవుతుంది. రాకపోతే ఈ ఏడాదితో నా కాంట్రాక్టు చెల్లు. పాల బ్యాక్టీరియా మీద పనిచేసే పక్క బల్ల ఆయన అదే పోస్టు కోసం కాచుకుని కూర్చున్నాడు. మంచివాడే, అదే ఇంకా బాధ.

నువ్వు చెయ్యాల్సింది ఇంతే. సగం గాజు గదిలో వెయ్యి, సగం బయట షెడ్డులో వెయ్యి. నీళ్ళు తప్ప ఏమీ పెట్టకు, పిడికెడు ఎరువు కూడా. తిండి మట్టిలోనే దొరికితే మొక్క ఈ బ్యాక్టీరియాని గుమ్మం తొక్కనివ్వదు. కొన్నాళ్ళయ్యాక వేళ్ళు కడిగి తడిగుడ్డలో చుట్టి పంపు, ఎలా ఉన్నాయో కాగితం మీద రాయి. ఫోన్లో మాత్రం వద్దు. ఫోన్లో నువ్వు అన్నిటికీ ఊఁ అంటావు, మధ్యలో అన్నయ్య లాక్కుని నాకు వాతావరణం చెబుతాడు.

నీ
పిడుగు


నర్సరీ,
కుండీల గది

పిడుగూ,

కడగలేదులే. మీ అన్నయ్యే మిరియాలనుకుని ఒకటి నోట్లో వేసుకున్నాడు. నీ బ్యాక్టీరియా ఆయన పొట్టలో కూడా బుడిపెలు కట్టి తిండి పెడుతుందేమో కనుక్కుని రాయి, నాకు వంట తప్పుతుంది.

విత్తాను. గాజు గదిలో కిటికీ పక్క మడి ఖాళీ చేసి అక్కడ సగం వేశాను. వేడినీళ్ళ గొట్టాలు ఆ పక్కనుంచే పోతాయి కాబట్టి మట్టి ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. మిగతా సగం షెడ్డులో. నువ్వు వచ్చి వెళ్ళినప్పటికి ఆ షెడ్డు కట్టలేదు. ఇనప స్తంభాలు, పైన పచ్చ వల, నాలుగు పక్కలా గాలి. పొద్దున్నే గొళ్ళెం తియ్యబోతే వేళ్ళు కొంకర్లు పోతున్నాయి.

నేను ఈ ఇంటికొచ్చేటప్పటికి నువ్వు బడికెళ్ళే పిల్లవి. సీసాల నిండా మట్టి నింపి మంచం కింద దాచేదానివి. ఊడ్చినప్పుడల్లా నీ వీపు విమానం మోగిస్తానని బెదిరించేదాన్ని. ఇప్పుడు అదే పనికి జీతమిస్తున్నారు, ఏమనాలి చెప్పు.

ఉద్యోగం సంగతి చదివిన దగ్గర్నుంచి మనసు మనసులో లేదు. తీసుకొచ్చి నా చేతిలో పెట్టావు. అయినా వస్తుందిలే, నా చేతి మొక్క ఏది రాలేదు గనక?

ఒకటి అడుగుతాను. ఆ కంటికి కనపడని పురుగుల్లో నువ్వు రోజంతా చూసేదేమిటి? మీ అన్నయ్యని అడిగితే ఏదో డి.ఎన్.ఏ. అన్నాడు. అంటే ఏమిటన్నాను. ఫోనొచ్చిందని బయటికెళ్ళాడు, నాకైతే ఏ ఫోనూ వినపడలేదు.

వదిన


ల్యాబ్ నుంచి

వదినా,

పురుగులంటే ఊరుకోను. అడిగావు కాబట్టి అనుభవించు.

ప్రతి బ్యాక్టీరియాకీ లోపల ఒక పొడుగాటి దారం ఉంటుంది. ఏ పని ఎలా చెయ్యాలో దానిమీదే రాసి ఉంటుంది, ఒక్కో పనికి ఒక్కో జన్యువు. పని పడినప్పుడు ఆ జన్యువుకి నకలు తీసుకుని, నకలు చూసి పని చేసుకుంటుంది. ఇంతవరకు బళ్ళో చెప్పేదే. మట్టి బ్యాక్టీరియాలో తమాషా ఏమిటంటే, ఆ దారంలో కొన్ని గెంతే ముక్కలుంటాయి. ఉన్నచోట కుదురుగా ఉండవు. తమలాంటి ఇంకో ముక్కని తయారుచేసి వేరేచోట దూర్చేస్తాయి. అది ఏ జన్యువు మధ్యలోనో పడిందంటే ఆ పని మూలపడినట్టే.

ఆ ముక్కల్లో ఒక రకమంటే నాకు ప్రాణం. దాని పేరు ఇంట్రాన్. అదీ జన్యువు మధ్యలోనే దూరుతుంది. కానీ ఆ జన్యువుకి నకలు తీయగానే, నకల్లో ఉన్న ఈ ముక్క తనంతట తనే ఒక తీరుగా ముడుచుకుంటుంది, తనని తనే కత్తిరించుకుంటుంది, అటూ ఇటూ ఉన్న అంచులు రెండూ అతికించి బయటికి పోతుంది. చొక్కా మధ్యలో పొరపాటున పడ్డ పీలిక తనే ఊడి, పోతూ పోతూ ఆ చొక్కా కుట్టేసి పోయినట్టు. అసలు జన్యువులో మాత్రం దర్జాగా కూర్చునే ఉంటుంది. నకలు శుభ్రంగా ఉంటుంది కాబట్టి పని ఆగదు, అది అక్కడ ఉందన్న సంగతి ఎవరికీ పట్టదు. కిటుకంతా ఆ ముడుచుకోవడంలోనే ఉంది. సరిగ్గా ముడుచుకోలేకపోతే ఊడదు.

దీన్ని మొదటిసారి చూసిన రోజు నాకు ఆకలి తెలియలేదు. ఇప్పుడు నవ్వుకో.

పిడుగు


నర్సరీ,
గాజు గది

పిడుగూ,

అలాంటి చుట్టం ఒక్కరూ మనింటికి రాలేదేం? తనంతట తను లేచి, పక్క దులిపి, దుప్పటి మడతపెట్టి మరీ వెళ్ళేవాళ్ళు! ఒక్కొక్కరిని సాగనంపడానికి నేను పడ్డ పాట్లు నీకు తెలియనివా. మీ అన్నయ్య చదివి, ఎవర్ని ఉద్దేశించి అంటున్నావని మొహం ముడుచుకున్నాడు. మీ పెదనాన్ననే అని చెప్పాను.

గాజు గదిలో బఠాణీలు నవనవలాడుతున్నాయి. వేళ్ళు కడిగితే నువ్వు చెప్పిన బుడిపెలు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. ఒకదాన్ని గోటితో చిదిమితే లోపల గులాబి రంగు. కావలసింది అదేనా? తడిగుడ్డలో చుట్టి పంపుతున్నాను.

షెడ్డులోవి కాస్త వెనకబడ్డాయి. చలి కదా. అవి నేను చూసుకుంటాలే, నువ్వు బెంగ పెట్టుకోకు. వేళకి తింటున్నావా? మొన్న ఫోన్లో నీ గొంతు పీలగా ఉంది.

వదిన


ల్యాబ్ నుంచి

వదినా,

గుడ్డ విప్పి, వేళ్ళు చూసి, చుట్టుపక్కల ఎవరూ లేరనుకుని గంతులేశాను. ఉన్నారు, పక్క బల్ల ఆయన చూశాడు. ఫరవాలేదు, ఆయన కూడా బాగున్నాయన్నాడు.

గులాబి రంగంటే లోపల పని జరుగుతోందని అర్థం. పని చెయ్యనిది తెల్లగా ఉంటుంది. ఇంత నిండుగా మా గదుల్లో కూడా రాలేదు. నీ చెయ్యి సంగతి నువ్వన్నావు గానీ నేను ముందే నమ్మాను.

ఇక షెడ్డు సంగతి. కమిటీ అనుకున్నదానికంటే ముందే కూర్చుంటోంది. రెండు మడుల గురించీ రిపోర్టులో ఉండాలి. అక్కడి వేళ్ళు తవ్వి పంపేంత వ్యవధి లేదు కాబట్టి ఎలా ఉన్నాయో ఒక్క వాక్యం రాయి చాలు, అదే పెడతాను. నీ మాట నాకు వేళ్ళకంటే ఎక్కువ.

నిద్ర సరిగ్గా పట్టడం లేదు. ఇన్నాళ్ళూ కాంట్రాక్టు, కాంట్రాక్టు అనుకుంటూ ఒక కుర్చీ కూడా నాదని కొనుక్కోలేదు. ఈసారి కొంటాననుకుంటా.

పిడుగు


నర్సరీ

పిడుగూ,

షెడ్డులో కూడా పచ్చగా ఉన్నాయి. రాసుకో.

ఇక్కడ కుండీల పని ఎక్కువగా ఉంది, అందుకే ఇంతకంటే రాయలేకపోతున్నాను. కుర్చీ కొనుక్కో, వీపు ఆనేది చూసి కొను.

వదిన


ల్యాబ్ నుంచి,
చలికాలం మధ్యలో

వదినా! వదినా!

ఒప్పుకున్నారు. అందరూ సంతకాలు పెట్టేశారు. డైరెక్టరుగారు నవ్వడం మొదటిసారి చూశాను, ఆయనకి పళ్ళున్నాయి. పాకెట్లు అచ్చుకి వెళ్ళాయి. కొండ మీద రైతులు ఆలస్యంగా విత్తుతారు కాబట్టి ముందు వాళ్ళకే పంపుతారట. నా ఆర్డరు నెలాఖరుకి చేతికొస్తుంది.

ఇదంతా నీ చలవే. ఈ మాట ఉత్తినే అనడం లేదు. రిపోర్టులో షెడ్డు మడి గురించి నీ వాక్యం చదివి ఒక పెద్దాయన, బయట గాల్లో కూడా వచ్చిందంటే ఇక అనుమానమేముంది అన్నారు.

అన్నయ్య కుండీల కోసం ఇటు వస్తున్నానన్నాడు. నా దగ్గర భోజనం చేసే వెళ్ళమని చెప్పు, బయట తినేసి వచ్చాననే నాటకాలు వద్దు.

నీ
పిడుగు


ల్యాబ్ నుంచి

వదినా,

అన్నయ్య వచ్చి వెళ్ళాడు. బాగానే తిన్నాడు. నువ్వు కుట్టి పంపిన దిండు గలీబులు అందాయి.

ఒక చిన్న సంగతి. షెడ్డులో బఠాణీలకి నీళ్ళు కాక ఇంకేమైనా పెట్టావా? ఊరికే అడుగుతున్నాను, రికార్డు కోసం.

పిడుగు


నర్సరీ

పిడుగూ,

ఏం పెడతాం, నీళ్ళే. ఇక్కడ చలి కొంచెం తగ్గింది. గాజు గదికి ఒక పలక పగిలితే మీ అన్నయ్య అట్టముక్క అడ్డం పెట్టి బాగుచేశానంటున్నాడు. కింద కాలవలో కప్పలు అరుస్తున్నాయి. గులాబి అంట్లు ఈసారి బాగా పట్టాయి, వచ్చినవాళ్ళందరూ అవే అడుగుతున్నారు. పక్కింటావిడ కూతురికి బిడ్డ పుట్టింది, మూడు కిలోల పైనే ఉందట, జుట్టు ఒత్తుగా ఉందట. దిండు గలీబులు సరిపోయాయా? కొలత చూడకుండా కుట్టాను. ఆర్డరు వచ్చిందా?

వదిన


ల్యాబ్ నుంచి

వదినగారికి,

నమస్కారం. మీ ఉత్తరం అందింది.

అన్నయ్య వచ్చినప్పుడు షెడ్డు మడిలోంచి ఒక ట్రే నిండా మొక్కలు వేళ్ళతో సహా తెచ్చాడు. మీకు చెప్పలేదట, నన్ను ఆశ్చర్యపరుద్దామనుకున్నాడట. గాజు గదిలో వాటికంటే ఇవే నల్లగా నిగనిగలాడుతున్నాయని మురిసిపోయాడు. ఆయన వెళ్ళాక వేళ్ళు కడిగాను. ఒక్క బుడిపె లేదు. అంత ముదురు పచ్చ ఆకులకి నత్రజని ఎక్కడ్నుంచి వచ్చిందో చెప్పడానికి నాలాంటిది అక్కర్లేదు, యూరియా వేసే ఎవరైనా చెబుతారు.

మీకు రాసినప్పుడు ఇదంతా చూసే రాశాను. చెబుతారనుకున్నాను. కప్పల గురించి చెప్పారు.

మీ వాక్యం రిపోర్టులో ఉంది, దాని కింద కమిటీ సంతకాలున్నాయి. కొండ మీద చలి ఇంకా తగ్గలేదు. అక్కడివాళ్ళు నా పొడి నమ్ముకుని యూరియా కొనడం మానేస్తారు. వాళ్ళ మడులు మీ షెడ్డు మడిలాగే అవుతాయి, కాకపోతే వాళ్ళకి రాత్రికి రాత్రి పచ్చ చేసేవాళ్ళు ఉండరు.

ఇకమీదట ఇలాంటి పనులతో మిమ్మల్ని ఇబ్బంది పెట్టను.

ఇట్లు,
మీ ఆడపడుచు


నర్సరీ,
కుండీల గది

పిడుగూ,

ఇంత పెద్దదానివయ్యాక నన్ను మీరు అన్నావు. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

వేశాను. నీళ్ళలో కరిగించి పోశాను, ఒకసారి కాదు. మొదటి ఆకులు బాగానే వచ్చాయి. తర్వాత కింద నుంచి పాలిపోవడం మొదలైంది. ఒక మొక్క పీకి చూస్తే వేళ్ళు బోసిగా ఉన్నాయి. నీకు రాద్దామని కలం పట్టుకున్నాను. నీ కాంట్రాక్టు గుర్తొచ్చింది. ఎన్నడూ చూడని ఆ పక్క బల్ల ఆయన గుర్తొచ్చాడు. ఇదంతా చలి వల్లే, ఎండొస్తే సర్దుకుంటుంది, అందాకా కాస్త ఊతం ఇద్దామనుకున్నాను. మా పనిలో పాలిపోయిన మొక్క జనం కంట పడకూడదు. పడిందంటే దాని పక్కనున్నదాన్ని కూడా కొనరు. అందుకే ఆకు రంగు తగ్గిందంటే నా చెయ్యి యూరియా డబ్బా మీదికి దానంతటదే పోతుంది. నువ్వు వద్దని రాసిన కాగితం గోడకే ఉంది, అది చూస్తూనే పోశాను.

నిన్ను మోసం చేద్దామని కాదమ్మా. నువ్వు ఏడవకూడదని.

ఒక మాట చెబుతాను, కోప్పడకు. ఇది మనిద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. మీ అన్నయ్యకి కూడా చెప్పలేదు. వెచ్చటి మడిలో వచ్చింది అబద్ధం కాదుగా. ఎక్కువమంది వెచ్చటి చోటే వేసుకుంటారు. కొండ మీదవాళ్ళు మాత్రం, ఎంత వద్దన్నా, అలవాటు కొద్దీ గుప్పెడు యూరియా చల్లకుండా ఉంటారా? ముందు నీ ఆర్డరు చేతికి రానీ. ఆ తర్వాత మెల్లగా సరిచేసుకుందువుగాని. నేను నోరు విప్పను.

వదిన


ల్యాబ్ నుంచి,
చలి తగ్గుతుండగా

వదినా,

ఈ జవాబు ఆలస్యమైంది. మొదట కోపం వల్ల, తర్వాత పని వల్ల.

నీ మాటే విందామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. ఆర్డరు టైపయిందని కూడా తెలిసింది. అదే రోజు ఏదో పనిమీద కింద గోడౌనుకి వెళితే పాకెట్లు పేర్చి ఉన్నాయి. ఒక్కోదాని మీదా ఎర్ర అక్షరాలతో “యూరియా అవసరం లేదు” అని ఉంది. ఆ మాట రాసిచ్చింది నేనే. అక్కడ నిలబడలేకపోయాను.

తిన్నగా డైరెక్టరుగారి గదికి వెళ్ళి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి, “నువ్వు చెప్పకపోతే ఈ సంగతి ఎవరికి తెలిసేది?” అన్నారు.

“రైతులకి తెలిసేది సార్, పంట పోయాక,” అన్నాను.

ఆయన అక్కడికక్కడే ఫోను తీసి పాకెట్లు ఆపించారు. పోస్టు పాల బ్యాక్టీరియా ఆయనకి వెళ్ళింది. ఆయన నా దగ్గరికొచ్చి, అభినందనలు చెప్పించుకోవడానికి సిగ్గుపడ్డాడు, నేనే చెప్పాను. నన్ను ఇంకో ఏడాది టెంపరరీగా ఉంచారు. నీ పేరెత్తలేదు. షెడ్డు మడికి ఎరువు తగిలింది, వేళ్ళు చూడకుండానే నేను రిపోర్టు రాశాను అని చెప్పాను. వేళ్ళు చూడకపోవడం పూర్తిగా నా తప్పే. చూస్తే ఏం కనిపిస్తుందోనని లోపల్లోపల భయపడ్డాననుకుంటా.

ఇక అసలు సంగతి. ఒక గదిని నీ షెడ్డంత చల్లగా చేసి బఠాణీలు వేశాను. నీకు వచ్చినట్టే వచ్చింది. వెచ్చగా ఉంటే గులాబి బుడిపెలు, చలిలో బోసి వేళ్ళు. ఎందుకని దారమంతా గాలించాను. ఎవరు కనిపించారో తెలుసా? నాకు ప్రాణమని రాశానే, ఆ ఇంట్రాన్. బ్యాక్టీరియా తను వచ్చానని బఠాణీ వేరుకి కబురు పెట్టడానికి ఒక జన్యువుంటుంది. సరిగ్గా దాని మధ్యలో కూర్చుంది. వెచ్చగా ఉన్నప్పుడు నకల్లోంచి శుభ్రంగా ఊడిపోతోంది. చలిలో సరిగ్గా ముడుచుకోలేక అక్కడే ఇరుక్కుపోతోంది. కబురు తెగిపోతే వేరుకి ఎవరొచ్చారో తెలియదు, తలుపు తియ్యదు.

మట్టిలోంచి మొదట తీసిన బ్యాక్టీరియాని ఫ్రీజరులో దాచి ఉంచుతాం. దాన్ని తీసి చూశాను. అందులో ఆ చోట ఏ ముక్కా లేదు. అంటే ఇది నా దగ్గరే గెంతింది. ఒక ప్లేటు నుంచి ఇంకో ప్లేటుకి మారుస్తూ ఏళ్ళ తరబడి వెచ్చటి గదుల్లోనే పెంచాను, మాకు హాయిగా ఉండే వేడిలో. ఒక్కసారి కూడా చలిలోకి పంపలేదు. అక్కడ పని ఆగలేదు కాబట్టి నాకు కనపడలేదు.

నీ మీద ఇంకా కోపం ఉంది. ఉద్యోగం పోయినందుకు కాదు. ఆ మడి పాలిపోయిందని నువ్వు రాసి ఉంటే, ఇదంతా ఆ వారమే వెతికేదాన్ని. నేను ఏడుస్తానని భయపడ్డావు. ఏడిస్తే ఏడ్చేదాన్ని వదినా, నీ ఉత్తరం పట్టుకునే ఏడ్చేదాన్ని.

పిడుగు


నర్సరీ

పిడుగూ,

మీ అన్నయ్యకి అంతా చెప్పేశాను. ఆయన వాతావరణం గురించి కూడా మాట్లాడకపోతే ఇల్లు ఎలా ఉంటుందో మొదటిసారి తెలిసింది. చివరికి, పిడుగుని పెంచినదానివి నువ్వే, దానికి ఎంత తట్టుకునే శక్తి ఉందో నీకు తెలియకపోతే ఎలా అన్నాడు. ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఆయన అన్నది నిజమే.

నీ పోస్టు నా మూలంగా పోయింది. కాదని రాయకు, ఓదార్చకు. పని చేస్తూనే ఉన్నాను గానీ దేనిమీదా చెయ్యి ఆడటం లేదు.

ఫ్రీజరులో ఉన్నదాన్ని పెంచి పంపు. వచ్చే చలికి షెడ్డులోనే వేద్దాం, గాలి ఎక్కువ కొట్టే చోట. నన్ను నమ్మబుద్ధి కాకపోతే మీ అన్నయ్య చేత వేయించు, నేను ఆ పక్కకి కూడా పోను.

వదిన


ల్యాబ్ నుంచి,
మళ్ళీ చలికాలం

వదినా,

మూడు పాకెట్లు పంపుతున్నాను. తెల్ల దారం కట్టినవి ఉత్త బఠాణీలు, ఏ బ్యాక్టీరియా లేదు. నల్ల దారం కట్టినవాటికి ఆ ఇంట్రాన్ దూరిన బ్యాక్టీరియా పట్టించాను. ఎర్ర దారం కట్టినవాటికి ఫ్రీజరులోంచి తీసినది. ఒకే మడిలో మూడు వరసలుగా వెయ్యి. మొదటి రెండూ పాలిపోవాలి, అవి పాలిపోతేనే మూడోదాని మాటకి విలువ.

అన్నయ్య నన్ను సెలవు పెట్టి వచ్చి దగ్గరుండి చూసుకోమన్నాడు. రానని చెప్పాను. అన్నయ్య చేత వేయించడం కూడా నాకిష్టం లేదు. ఆయనకి మొక్క బతికుంటే చాలు, అన్నీ పచ్చగానే కనపడతాయి. నువ్వే వెయ్యి, నువ్వే చూడు, నువ్వే రాయి.

ఈ ఏడాది కమిటీ ఇంకోసారి వింటామంది. అందాకే నా టెంపరరీ కూడా. అది నువ్వు మనసులో పెట్టుకోకు అని రాద్దామనుకున్నాను, పెట్టుకుంటావని తెలుసు. పెట్టుకునే చూడు.

పిడుగు


నర్సరీ,
బయట షెడ్డు

పిడుగూ,

మడి షెడ్డు గుమ్మం దగ్గరే వేశాను, గాలి అక్కడే ఎక్కువ కొడుతుంది. వచ్చినవాళ్ళందరి కళ్ళూ ముందు దానిమీదే పడుతున్నాయి. ఇదేమిటమ్మా, మీ నర్సరీలో ఇలాంటి మొక్కలా అని ముఖం మీదే అడుగుతున్నారు. మా ఆడపడుచువి అని చెబుతున్నాను. ఎప్పుడూ గులాబీలు కొనే ఆయన ఒకరు జాలిపడి, గుప్పెడు యూరియా వెయ్యకపోయారా అని సలహా ఇచ్చాడు. నాకు నవ్వూ వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి.

నా చెయ్యి మాత్రం ఊరుకుందనుకుంటున్నావా? ఒకరోజు డబ్బా మూత తీసేదాకా వెళ్ళింది. మూత పెట్టేసి, దాన్ని అప్పటికప్పుడు మీ అన్నయ్య చేత ఇంటికి మోయించాను. ఆ తర్వాత గులాబీలకి కూడా ఇంటినుంచే తెచ్చుకుంటున్నాను. కాళ్ళు లాగుతున్నాయి, లాగనీ.

ఇక చూసింది చూసినట్టు రాస్తున్నాను. తెల్ల దారం వరస పూర్తిగా పాలిపోయింది, కింది ఆకులు రాలుతున్నాయి. నల్ల దారం వరస కూడా అంతే, రెండిటికీ తేడా నాకు కనపడలేదు, వేళ్ళు బోసి. ఎర్ర దారం వరస చాలా రోజులు వాటిలాగే ఉంది. తర్వాత మెల్లగా పచ్చబడింది. పోయినేడు గాజు గదిలో వచ్చినంత పచ్చ కాదు, లేతగా ఉంది. బుడిపెలు చిన్నవి. చిదిమితే చాలావాటిలో గులాబి రంగే ఉంది, కొన్ని మాత్రం తెల్లగా ఉన్నాయి. తలుపు పక్కన గాలి నేరుగా తగిలే మొక్కలు అసలు కోలుకోలేదు, వాటినీ లెక్కలో వేసుకో.

ఇది చూసి నీకు పోస్టిస్తారో ఇవ్వరో నాకు తెలియదు. ఇవ్వాలని నాకెంత ఉందో నీకు తెలుసు. అయినా ఒక్క ఆకు రంగు కూడా మార్చి రాయలేదు. రాస్తుంటే నీ మొహమే కనపడుతోంది, ఏడుస్తున్న మొహం కూడా కనపడింది. కలం ఆపలేదు.

పార్సెల్లో మూడు కట్టలున్నాయి. బాగా రానివి పైన పెట్టాను. ముందు వాటినే చూడు.

వదిన